జబ్బు లేదన్నారు సరే, మరి మనసు బాగుండాలంటే ఏముండాలి?

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోండి. వయసు 41, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. రెండేళ్లుగా దేని మీదా ఉత్సాహం లేదు, అలాగని ఏడుపూ లేదు, చావాలన్న ఆలోచనలూ లేవు, ఆఫీసు పని ఒక్కరోజు కూడా ఆగలేదు. సైకియాట్రిస్ట్‌ని కలిస్తే డిప్రెషన్ కాదన్నారు, థైరాయిడ్, బీ12 పరీక్షలు కూడా నార్మల్. చుట్టూ ఉన్నవాళ్లంతా పాజిటివ్‌గా ఆలోచించమంటున్నారు. ధ్యానం యాప్‌కి ఏడాది చందా కట్టి కొన్ని వారాలు చేసి వదిలేశారు. ఇప్పుడు మీరు అడుగుతున్నది: మనసు నిజంగా బాగున్న పెద్దవాళ్లలో ఏముంటుంది, డబ్బా, పుట్టుకతో వచ్చిన స్వభావమా, దైవభక్తా, కుటుంబమా, మీకేం తక్కువైంది అని.

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, మందులు రాసే డాక్టర్‌ని కాను. చాలా ఏళ్లుగా మీలాంటివాళ్లను చూస్తున్నాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

మీకు "ఏమీ లేదు" అన్న డాక్టర్ తప్పు చెప్పలేదు. ఆయన వెతికింది జబ్బు కోసం, అది లేదు. కానీ జబ్బు లేకపోవడం వేరు, మనసు బాగుండటం వేరు. అమెరికాలో కోరీ కీస్ అనే సోషియాలజిస్ట్ 2002లో దీన్ని చాలా స్పష్టంగా చూపించారు. 25 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 3,032 మంది సమాధానాలు తీసుకుని, వాళ్లకు డిప్రెషన్ ఉందా లేదా అన్నది ఒక కొలతగా, జీవితం ఎంత నిండుగా సాగుతోంది అన్నది ఇంకో కొలతగా విడివిడిగా చూశారు. నిండుగా ఉన్నవాళ్లు 17 శాతం దాకా తేలారు. జబ్బూ లేక, నిండుదనమూ లేక, ఖాళీగా ఈడ్చుకొస్తున్నవాళ్లు 12 శాతం. ఈ 12 శాతం మంది రోజువారీ జీవితంలో పడుతున్న ఇబ్బంది, డిప్రెషన్ ఉన్నవాళ్లు పడుతున్న ఇబ్బందికి దాదాపు సమానం అని తేలింది. అంతేకాదు, జబ్బు ఉన్నా లేకపోయినా నిండుదనం లేనివాళ్లందరినీ కలిపి చూస్తే, నిండుగా ఉన్నవాళ్లతో పోలిస్తే వాళ్లలో డిప్రెషన్ దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. అందుకే "నీకేం తక్కువ, అన్నీ ఉన్నాయిగా" అనేవాళ్ల మాట విని మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. మీరు చెప్తున్నది నిజమైన ఇబ్బంది, దానికి లెక్క కూడా ఉంది.

అయితే ఆ శాతాలు పట్టుకుని వేలాడొద్దు. కెనడాలో 2012లో చేసిన పెద్ద సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 77 శాతం మంది నిండుగా ఉన్నవాళ్ల కోవలోకి వచ్చారు. అమెరికాలో 17, పక్కనే ఉన్న కెనడాలో 77 ఏంటి అంటే, ప్రశ్నలు వేరు, ఎక్కడ గీత గీశారన్నది వేరు. దేశాలను పోల్చడానికి ఆ అంకెలు పనికిరావు, కానీ ఒకే సర్వేలో ఎవరు పైన ఉన్నారు, ఎవరు కింద ఉన్నారు, వాళ్ల మధ్య తేడా ఏంటి అన్నది చూడటానికి బాగా పనికొస్తాయి.

కీస్ తయారుచేసిన 14 ప్రశ్నల పత్రాన్ని ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. అందులో ఏముందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. గత నెల రోజుల్లో ఎంత తరచుగా ఇలా అనిపించింది అని అడుగుతారు. సంతోషం, ఆసక్తి, తృప్తి, ఈ మూడింటి గురించి మూడే ప్రశ్నలు. మిగతా పదకొండూ వేరే రకం. నా వల్ల నలుగురికీ ఏదో ఉపయోగం ఉందనిపించిందా, నేనూ ఫలానా మనుషుల్లో ఒకణ్ని అనిపించిందా, మనుషులు మొత్తం మీద మంచివాళ్లే అనిపించిందా, రోజువారీ బాధ్యతలు నా చేతిలోనే ఉన్నాయనిపించిందా, నమ్మకంగా మాట్లాడుకునే బంధాలు ఉన్నాయా, నన్ను పరీక్షించి ఎదిగేలా చేసిన అనుభవం ఏదైనా ఎదురైందా, నా అభిప్రాయం నేను ధైర్యంగా చెప్పగలిగానా, బతుక్కి ఒక దారి ఉందనిపించిందా. గమనించారా, వీటిలో ఎక్కువ భాగం మీ తలలో నడిచే ఆలోచనల గురించి కాదు. మీ వారం ఎవరితో గడుస్తోంది, మీ చేతిలో ఏముంది, మీరు ఎవరికి పనికొస్తున్నారు అన్నదాని గురించి. అందుకే పాజిటివ్‌గా ఆలోచించు అనే సలహా మీ దగ్గర పనిచేయలేదు. ఆలోచన మారాలంటే ముందు దానికి ఆధారం ఉండాలి కదా, వారమంతా గదిలో ఒంటరిగా స్క్రీన్ ముందు గడిపి, "నేను నలుగురిలో ఒకణ్ని" అని ఎంత గట్టిగా అనుకున్నా మనసు నమ్మదు.

ఇక మీరు అడిగిన వరసలోనే వెళ్దాం. స్వభావం. ఉంది, కాదనను. కవలల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనుషుల మధ్య ఈ విషయంలో కనిపించే తేడాల్లో సుమారు మూడో వంతు పుట్టుకతో వచ్చినదాని వల్ల అని తేలుతుంది. మా ఇంట్లోవాళ్లంతా ఇంతే అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మిగతా రెండు వంతులు మన చుట్టూ ఉన్నదాంట్లో, మనకు జరిగినదాంట్లో, మనం చేసేదాంట్లో ఉన్నాయి, మాట్లాడాల్సింది వాటి గురించే.

డబ్బు. దీని మీద "డబ్బుతో ఆనందం కొనలేం" అన్న మాట డబ్బున్నవాళ్లే ఎక్కువ అంటుంటారు, నాకు ఆ మాట నచ్చదు. డబ్బు చాలకపోవడం మనసును నేరుగా తింటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు, కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పుడూ, కోత డబ్బు వచ్చాకా, ఆలోచనా శక్తిని కొలిచే అవే పరీక్షలు పెట్టారు. మనిషి అతనే, తెలివి అదే, కానీ డబ్బు వచ్చాక బాగా చేశాడు. ఎటు తిరిగినా అప్పు గుర్తొస్తుంటే మిగతావాటికి తలలో చోటుండదన్నమాట. మా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ నేను చూసేది ఇదే, జీతం ఎంత అన్నదాని కంటే ఈఎంఐలు పోను ఎంత మిగులుతోంది, తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే గుండె దడదడలాడుతోందా అన్నది ఎక్కువ చెప్తుంది. మీ విషయంలో ఫ్లాట్ లోన్ ఒక్కటే ఉంది, అది కూడా జీతంలో సర్దుకుపోతోందన్నారు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను. ఇది చదువుతున్న ఇంకెవరికైనా లోన్ యాప్‌ల గొడవ ఉంటే మాత్రం, మీకు ముందు కావాల్సింది ధ్యానం కాదు, ఇంట్లో ఒక మనిషికి ఆ లెక్క మొత్తం దాచకుండా చెప్పడం.

దైవభక్తి. సర్వేల్లో భక్తి ఉన్నవాళ్లు కాస్త మెరుగ్గానే కనిపిస్తారు, కానీ లోతుగా చూస్తే ఇంట్లో ఒక్కరే చేసుకునే పూజ కంటే, నలుగురితో కలిసి వెళ్లడం వల్ల వచ్చే మేలే ఎక్కువగా కనిపిస్తుంది. శనివారం భజన అయినా, ఆదివారం చర్చి అయినా, శుక్రవారం నమాజు అయినా, వారం వారం అదే ముఖాలు, ఒక వారం రాకపోతే "ఏమైంది, కనపడలేదు" అని అడిగేవాళ్లు. నమ్మకం లేనివాళ్లు బలవంతంగా గుడికి వెళ్లాల్సిన పని లేదు, ఆ అడిగేవాళ్లు ఇంకెక్కడైనా ఉంటే చాలు.

కుటుంబం, బంధాలు. ఇక్కడ ఆగుతాను, ఎందుకంటే ఎటు తిప్పి చూసినా అన్నింటికంటే బలంగా కనిపించేది ఇదే. హార్వర్డ్‌లో 1938లో మొదలైన అధ్యయనం ఇప్పటికీ నడుస్తోంది. 268 మంది హార్వర్డ్ విద్యార్థులు, బోస్టన్ పేద వాడల నుంచి 456 మంది కుర్రాళ్లు, వాళ్లను ముసలివాళ్లయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. అందరూ మగవాళ్లే, అందరూ తెల్లవాళ్లే, కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు మనకు అతికించుకోలేం. అయినా ఇప్పటి డైరెక్టర్ రాబర్ట్ వాల్డింగర్ చెప్పేది వినదగ్గదే. 50 ఏళ్ల వయసులో తమ బంధాలతో తృప్తిగా ఉన్నవాళ్లే 80లో ఆరోగ్యంగా ఉన్నారు, దాన్ని ముందుగా చెప్పడంలో కొలెస్ట్రాల్ అంకె కంటే అదే బాగా పనికొచ్చింది. 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన ఇంకో లెక్కలో, బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది.

కానీ మనవాళ్లు ఇక్కడ ఒకటి పొరపడతారు. ఇల్లు నిండా జనం ఉంటే బంధాలు ఉన్నట్టే అనుకుంటారు. ఉమ్మడి కుటుంబంలో పదిమంది మధ్య పూర్తిగా ఒంటరిగా ఉన్నవాళ్లను, ముఖ్యంగా కోడళ్లను, నేను ఎంతోమందిని చూశాను. వాట్సాప్‌లో కజిన్స్ గ్రూపు, ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, అన్నీ ఉంటాయి, పండక్కి వందల మెసేజ్‌లు వస్తాయి. ఆ హార్వర్డ్ అధ్యయనంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోయినా, భయమేసినా, ఎవరికి ఫోన్ చేయగలవు? పేర్లు రాయమంటారు. మీరూ రాసి చూడండి, భార్య పేరు కాకుండా. ఒక్క పేరైనా వస్తే మంచిదే. ఒక్కటి కూడా రాకపోతే, మీకు తక్కువైంది ఏంటో చెప్పడానికి నాకు కీస్ పత్రంలోని ఆ 14 ప్రశ్నలతో పని లేదు.

మీరు రాసినదాంట్లో ఒకటి నాకు బాగా తగిలింది, "చిన్నప్పటి స్నేహితుడు మియాపూర్‌లోనే ఉంటాడు, కలిసి నాలుగేళ్లయింది, గొడవేం లేదు" అని. గొడవ లేకుండా తెగిపోయే స్నేహాలే మగవాళ్ల విషయంలో ఎక్కువ. ఆడవాళ్లు ఊరికే ఫోన్ చేసుకుని గంట మాట్లాడుకోగలరు, మగవాళ్లలో చాలామందికి ఫోన్ చేయడానికి ఒక పని కావాలి, పని లేకపోతే ఫోన్ లేదు, అలా ఏళ్లు గడిచిపోతాయి. అలాంటప్పుడు పని కల్పించుకోవాలి. రెండో శనివారం పొద్దున ఇద్దరూ కలిసి నడవడమో, కూరగాయల మార్కెట్‌కి వెళ్లడమో, ఏదైనా సరే, తేదీ ముందే ఖాయమైపోవాలి, ప్రతిసారీ "ఎప్పుడు కలుద్దాం" అని మొదలుపెట్టేలా ఉండకూడదు.

తర్వాతిది ఉపయోగపడటం. మేరీ జహోదా అనే ఆమె పేరు మన దగ్గర పెద్దగా వినపడదు కానీ, మానసిక ఆరోగ్యం అంటే జబ్బు లేకపోవడం కాదు, దానికంటూ లక్షణాలు ఉంటాయి అని 1958లోనే పుస్తకం రాసిన మనిషి. అంతకు చాలా ముందు, 1930ల మొదట్లో, వియన్నా దగ్గర మారియెన్‌తాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి ఊరు ఊరంతా పని పోగొట్టుకుంటే, ఆమె, ఆమె సహచరులు వెళ్లి అక్కడి జీవితాన్ని కళ్లారా చూసి రాశారు. మనమైతే ఏమనుకుంటాం, బోలెడంత తీరిక దొరికింది కాబట్టి చదువుకుంటారు, ఆడుకుంటారు అని. జరిగింది వేరు. లైబ్రరీలో పుస్తకానికి తీసుకునే రుసుము ఎత్తేసినా, రెండేళ్లలో జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. కిటికీ చాటున గడియారం పట్టుకుని వీధిలో నడిచేవాళ్లను కొలిస్తే, మగవాళ్ల నడక నెమ్మదించింది, నాలుగడుగులు వేసి ఆగిపోతున్నారు. ఆడవాళ్లు మాత్రం వేగంగానే నడిచారు, వాళ్లకు ఇంటిపని ఉంది కాబట్టి. పని అంటే జీతం ఒక్కటే కాదు, రోజుకు ఒక ఆకారం, ఇంటి బయట మనుషులు, నలుగురితో కలిసి చేసే ఒక కార్యం, సమాజంలో ఒక స్థానం, చేతికి కదలిక, ఇవన్నీ దానితో పాటు వస్తాయి అని జహోదా తర్వాత తేల్చి చెప్పారు.

మీకు ఉద్యోగం ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఈ ఐదింటిలో మీకు జీతంతో పాటు ఎన్ని వస్తున్నాయో చూడండి. నాలుగు రోజులు ఇంట్లో, తొమ్మిదిన్నరకు లాగిన్, కాల్స్‌లో కెమెరా ఆఫ్, మీరు రాసిన కోడ్ ఎవరికి ఉపయోగపడుతోందో మీకే తెలియదు. ఉద్యోగం పోకుండానే మారియెన్‌తాల్ లాగా ఉంది అది.

మా దగ్గరికి వచ్చిన ఒకాయన గురించి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గాలివాన వచ్చిందంటే అర్ధరాత్రి ఫోన్లు, తిట్టుకుంటూనే టార్చి పట్టుకుని వెళ్లేవారు. రిటైరైన ఏడాదికి కొడుకు తీసుకొచ్చాడు, తిండి సరిగా తినడం లేదు, పగలంతా పడుకుంటున్నారు అని. ఆయన నాతో చెప్పింది ఒకటే, "మేడమ్, ఫోన్ ఇంకా తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను, మోగట్లేదు". మందు అవసరమైంది, డాక్టర్ గారు కొన్నాళ్లు ఇచ్చారు. కానీ మనిషి నిలబడింది మాత్రం, ఊళ్లో రైతులకు బోరు మోటార్ స్టార్టర్లు బాగుచేయడం మొదలుపెట్టాక. డబ్బులు కొందరు ఇస్తారు, కొందరు కూరగాయలు ఇస్తారు. ఫోన్ మళ్లీ మోగడం మొదలైంది. ఆయనకు ఎవరైనా "పాజిటివ్‌గా ఉండండి" అని చెప్పి ఉంటే ఏం ఒరిగేది?

ఇక ఒళ్లు. నిద్ర, నడక, తాగుడు, ఈ మూడూ అందరికీ తెలిసినవే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. పెద్దవాళ్లకు ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి, నిద్ర చెడితే మనసు చెడుతుంది, మనసు చెడితే నిద్ర చెడుతుంది, కానీ ఈ రెంటిలో నిద్రను పట్టుకోవడమే తేలిక. వారానికి కనీసం 150 నిమిషాలు ఒగర్పు వచ్చేలా నడక, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే, రోజూ పావుగంట కూడా సున్నా కంటే చాలా మేలు. మీరు "వీకెండ్‌లో రెండు పెగ్గులు" అన్నారు, అది శుక్రవారం నుంచి గురువారం వైపు జరుగుతోందా అని ఒకసారి నిజాయితీగా చూసుకోండి, తోచక తాగడం మొదలైతే మీలా ఖాళీగా ఉన్నవాళ్లు అటే జారతారు.

ధ్యానం చెడ్డది కాదు. డిప్రెషన్ పదే పదే వచ్చేవాళ్లలో మళ్లీ రాకుండా ఉండటానికి పద్ధతి ప్రకారం నేర్పితే మేలు జరుగుతుందని మంచి ఆధారాలే ఉన్నాయి. కానీ రోజంతా ఒంటరిగా కూర్చునే మనిషికి ఇంకో ఇరవై నిమిషాలు ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చోమనడం సరైన మందు కాదని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. నేను చెప్పినవన్నీ మంచి మనసుతో కలిసి కనిపించేవి, అన్నీ దానికి కారణాలే అనుకోకూడదు. మనసు బాగున్నవాడికి స్నేహితులు ఎక్కువుంటారు, స్నేహితులున్నవాడికి మనసు బాగుంటుంది, ఏది ముందు అంటే చాలాసార్లు రెండూ. అయినా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి, చేతితో పట్టుకోగలిగిన చివరను పట్టుకోవాలి, అది మనసు కాదు, పని. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవాళ్లకు, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి ఇదే చేయించారు: ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా, ఇంతకు ముందు నచ్చిన పనిని చిన్నగా మొదలుపెట్టించడం. మామూలు వైద్యం ఒక్కటే అందినవాళ్ల కంటే వీళ్లు బాగా కోలుకున్నారు. ముందు చేయడం, ఉత్సాహం తర్వాత వస్తుంది, కొన్నిసార్లు చాలా తర్వాత.

కాబట్టి మీకు నేను చెప్పేది మూడే. ఆఫీసుకు వెళ్లే ఒక్క రోజును మూడు చేసుకోండి, మేనేజర్ బలవంతం చేయకపోయినా సరే, అమీర్‌పేటలో ట్రాఫిక్ ఉన్నా సరే. మియాపూర్ స్నేహితుడికి ఈ వారమే ఫోన్ చేయండి. మీకు చేతనైన పని ఒకటి, జీతంతో సంబంధం లేనిది, ఎదురుగా మనిషి కనిపించేది, నెలకు రెండుసార్లయినా చేయండి, దగ్గర్లోని ప్రభుత్వ స్కూల్లో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం లాంటిది. మూడు నెలలు చూడండి. మధ్యలో ఎప్పుడైనా రెండు వారాలు వరసగా దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి పోయినా, చావు ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇవన్నీ పక్కన పెట్టి మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అర్ధరాత్రయితే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా, మీరు అడగనిది ఒకటి. మీ ఆవిడ గురించి ఒకే వాక్యం రాశారు, "తను బాగానే ఉంటుంది, ఏమీ అనదు" అని. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది, ఆ 97 కూడా ఇంటిపని చేసే మగవాళ్ల సగటే. మీరు ఇంట్లో ఉండే నాలుగు రోజులూ ఆవిడకు ఇంట్లో ఇంకో మనిషికి కాఫీ, టిఫిన్, మధ్యాహ్నం భోజనం ఉన్న రోజులు, మీ కాల్స్ కోసం పిల్లల్ని నిశ్శబ్దంగా ఉంచాల్సిన రోజులు. ఆ 14 ప్రశ్నలు ఆవిడనీ నింపమనండి. పక్కన కూర్చోకండి, నింపాక చూపిస్తేనే చూడండి, చూపిస్తే వెంటనే జవాబు చెప్పకండి, ఆ పూట వంటింటి పని మీరు చూసుకుని ఆవిడను తనకు నచ్చిన చోటికి వెళ్లి రమ్మనండి.